మూడుసార్లు

మిల్‌డ్యూరాలో నా మొదటి వేసవి.
ఎండుద్రాక్ష షెడ్డులో రాత్రి డ్యూటీకి టైమైపోతోందని
వరండాలో వదిలిన బూటులో
చూడకుండా కాలు దూర్చాను.

మొదట చిన్న సూది. తర్వాత మంట. ఆపైన చెమట.
మోకాలి దాకా పాకిన నొప్పి
గజ్జల్లో వచ్చి కూర్చుంది,
వెళ్లమంటే వెళ్లని చుట్టంలా.
ఆసుపత్రిలో నర్సు దుప్పటి సర్దుతూ అంది:
"రెడ్‌బ్యాక్ సాలీడు. చచ్చిపోవులే.
ఇక బూటు దులపడం మాత్రం మర్చిపోవు."

మర్చిపోలేదు. పద్నాలుగేళ్లు.
బూటు, చేతితొడుగు, పెరట్లో కుర్చీ అడుగు,
ఉత్తరాల డబ్బా మూత,
తట్టనిదే దేన్నీ తాకను.
మనుషుల్ని కూడా ఒకటికి రెండుసార్లు తట్టే చూస్తాను
లోపల ఏముందోనని.
కొందరు ఖాళీగా మోగారు.
కొందరు ఆ చప్పుడుకే నొచ్చుకుని వెళ్లిపోయారు.

మేదినికి ఐదేళ్లు.
మొన్న ఆదివారం నీళ్ల గొట్టం చుట్ట పక్కన
గొంతుక్కూర్చుని పిలిచింది:
"అమ్మా, దీనికెవరో వీపు మీద బొట్టు పెట్టారు!"

మిరియపు గింజంత నలుపు. మీద ఎర్రటి చార.
అప్పటికే దాన్ని నిమ్మాకు మీదికి ఎక్కించుకుని
హారతి పళ్లెం పట్టుకున్నంత నెమ్మదిగా
కంచె వైపు నడుస్తోంది పిల్ల,
దానికి ఇల్లు చూపించడానికి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నదాన్ని నేను.
పిల్ల కాలకముందే పట్టుకుంది.
అది గమనించే తీరిక నాకెక్కడిది?
అరిచాను.
ఆ అరుపుకే ఆకు వణికింది.
సాలీడు జారి పడింది,
వట్టి పాదానికి బెత్తెడు దూరంలో.
నా చెప్పు దిగింది.

పిల్ల ఏడవలేదు.
నా చెప్పు కేసి చాలాసేపు చూసి
"అది నాతో వస్తోంది కదా" అంది.

కంచె అవతల డెస్మండ్.
డెబ్బై వేసవులు ఈ ద్రాక్ష తీగలు కత్తిరించిన మనిషి,
ఎడమచేతికి మూడే వేళ్లు.
"పిల్ల ఆకుని సరిగ్గానే పట్టుకుందే" అన్నాడు.
నా ముఖం చూసి, కాస్త ఆగి,
"నన్ను కుట్టినవి రెండు.
కుట్టనివి ఎన్నో లెక్కపెట్టలేదు."

ఆ మాట రాత్రంతా తలకింద గులకరాయి.

అయినా నేర్పాను. తెల్లవారగానే కూర్చోబెట్టి,
బూటు తిరగెయ్యి, మడమ పట్టుకో,
నేలకేసి కొట్టు, మూడుసార్లు.
డెస్మండ్ మాట నిజమే.
విషమూ అబద్ధం కాదు.

నిన్న బడి బూట్లు కొనడానికి వెళ్లాం.
కొత్త పెట్టె. కొత్త తోలు వాసన.
మేదిని ఒక బూటు తీసి, తిరగేసి,
దుకాణం తివాచీ మీద
టప్. టప్. టప్.

అమ్మే అమ్మాయి పగలబడి నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.
నా కాలి బొటనవేలు
ఆ పసి చేతుల్లోకి ఎప్పుడు వెళ్లిందా అని చూస్తున్నాను.

బూటులోంచి తెల్ల కాగితపు ఉండ ఒకటి దొర్లింది.
పిల్ల వెనక్కి గెంతలేదు, చెయ్యీ పెట్టలేదు.
వంగి, దాని ఎదురుగా కూర్చుని,
చుట్టూ వెతికింది
ఆకు కోసం.

పర్సులో చెయ్యి పెట్టి
పాత బిల్లు ఒకటి తీసి
అందించాను.