విసర్గ

దాంగ్ లోయలో ఆవాలు పూసే నెల.
పొగమంచు మా పాఠశాల రేకుల మీద నీరై
బడి గంట మీదికి చుక్క చుక్కగా రాలుతోంది.
ఆఖరి బెంచీలో, పన్నెండేళ్ల పిల్లల పక్కన
ముప్పై నాలుగేళ్ల బల్మతి ఘర్తి.

ఈ గదికి ఆమె రావడం మొదటిసారి కాదు.
తొమ్మిదేళ్ల కిందట వచ్చినప్పుడు ఆమె పేరు ఉల్కా.
తలుపు తట్టి రాలేదు, తన్ని వచ్చింది.
"చచ్చిపోయిన భాషని ఎవరి కోసం మోస్తున్నావు గురుబా?" అంది.
నేను బదులు చెప్పలేదు.
చదువుతున్న పేజీ తప్పిపోకుండా
పుస్తకంలో వేలు పెట్టుకుని నిలబడ్డాను.
సాయంత్రానికి ఆ పేజీ కూడా పెరట్లో
మిగతా వాటితో పాటు కాలింది.

ఇవాళ లేచి నిలబడి ఒక అట్టముక్క చూపించింది.
లేచేటప్పుడు కుడి చెయ్యి ఎడమ భుజం మీదికి పోయింది,
లేని పట్టీని సర్దుకోవడానికి.
శిబిరంలో తుపాకి అప్పగిస్తే ఇచ్చిన చీటీ అట.
నంబరు, వేలిముద్ర,
కింద ఎవరో చదువుకున్న గుమాస్తా
తీరుబడిగా రాసిన మాట: నిరాయుధ.
"ఇప్పుడు ఇదేనా నా పేరు? అర్థం చెప్పు గురుబా."

నాకు చేతనైన పని అదొక్కటే.
సుద్దముక్క తీశాను.

యుధ్ అంటే కొట్టుకోవడం.
ఒక్కరితో అయ్యే పని కాదు, ఇద్దరుండాలి.
ముందు ఒక ఆ చేరితే, దేనితో కొట్టుకుంటామో అది, ఆయుధం.
చేతిలో ఉండి కోసేది శస్త్రం,
చెయ్యి విడిచి పోయేది అస్త్రం,
ఆయుధం ఈ రెండిటికీ పెద్దమ్మ.
కర్ర కావచ్చు, కొడవలి కావచ్చు...
"పుస్తకం?" అంది బల్మతి.
నేను వినపడనట్టు బోర్డు తుడిచాను.

నిః. పక్కన రెండు చుక్కలు, విసర్గ.
విడిచిపెట్టడమనే దాని అర్థం.
గుండెలోంచి గాలి వదిలినట్టు పలకాలి.
కాని ఎదురుగా అచ్చు వచ్చి నిలబడిందా,
ఆ గాలి నిలవదు, రేఫ అయిపోతుంది:
నిర్, ఆయుధ.
దీన్ని సంధి అంటాం.

"సంధి నాకు తెలుసు. ఖాట్మండులో సంతకాలు పెట్టారు."
"అదీ ఇదీ ఒకటే మాటమ్మా.
రెండు పక్కలు కలిసేచోట
ఎవరో ఒకరు గొంతు మార్చుకోవాలి."
"మార్చుకునేది ఎప్పుడూ విడిచినవాళ్లేనా?"

వెనక్కి తిరిగి చూశాను.
బోర్డు మీద ఆయుధం చెక్కుచెదరలేదు.
చుక్కలే పోయాయి.

సమాసాన్ని విడదియ్యడం విగ్రహం.
యుద్ధానికీ అదే పేరని ఆమెకి చెప్పలేదు.
ఎవరి నుంచి ఆయుధం వెళ్లిపోయిందో, అని విడదీశాను.
బహువ్రీహి ఇది.
ఇందులో వెళ్లిపోవడం ముఖ్యం కాదు, ఆయుధమూ కాదు.
మాటలో ఎక్కడా లేని మూడో మనిషి,
మాట బయట నిలబడ్డ మనిషి, ఆ మనిషే అర్థం.

నా ఉత్సాహం అక్కడ ఆగి ఉంటే బాగుండేది.
ఈ మాట పాత ధర్మాల్లో ఎక్కడొస్తుందో కూడా చెప్పాను:
నిద్రలో ఉన్నవాణ్ణి, కవచం జారినవాణ్ణి,
ఊరికే చూస్తూ నిలబడ్డవాణ్ణి, నిరాయుధుణ్ణి
కొట్టకూడదు.

"మా తమ్ముడు నిద్రలోనే ఉన్నాడు" అంది.
ఇంకేమీ అనలేదు.
ఏ పక్క వాళ్లని అడగలేదు నేను.
పుస్తకంలో వేలు పెట్టుకుని నిలబడ్డాను, అలవాటుగా.
ఏ పేజీయో తెలియదు.

కాసేపటికి ఆమే అడిగింది,
"ఆ మొదటి ముక్క ఎలా పలకాలన్నావు?"
చెప్పాను.
నిః, అంది.
చలికి ఆ గాలి తెల్లగా బయటికొచ్చింది.
పిల్లలు నవ్వారు, వాళ్లూ అన్నారు,
గది నిండా చిన్న చిన్న ఆవిరి ముద్దలు.
ఇరవయ్యేడేళ్లుగా చెబుతున్నాను,
విసర్గని కళ్లతో చూడటం అదే మొదలు.

నిః, అంది బల్మతి మళ్లీ.
రెండో ముక్క దాకా పోకుండా
అక్కడే ఆగి, చీటీ మడిచి, కూర్చుంది.