తూకం అవసరం లేనప్పుడు

రేణిగుంట షెడ్డులో మే నెల.
పైన రేకులు కాగి టపటపమంటున్నాయి.
చెక్కపెట్టె మూత గడ్డపారతో లేపితే
గడ్డి లోపల రెండు పొడుగాటి పలకలు,
ముక్కులు పైకి వంచుకుని.

"ఏంది మా ఇవి?" అన్నాడు చెంగల్రాయులు.
"విమానానికి చెప్పులు."
"చక్రాలకేం రోగం?"
"కొన్నాయన ఊళ్ళో ఆరు నెలలు నేల కనపడదంట.
అంతా మంచు."
ఆకాశం వైపు ఒకసారి చూసి
తువ్వాలు తలకి చుట్టుకున్నాడు.

ఈ ప్రశ్న నాకు పరీక్షలో వచ్చింది.
కరకంబాడి రోడ్డులో మేడమీది గది,
చెమటకి అట్ట అరచేతికి అంటుకుంటుంటే
బట్టీ పట్టాను:
మొదటిసారి బిగించేది లైసెన్సు ఉన్నవాళ్ళు,
లేదా వాళ్ళ కళ్ళెదుట ఇంకొకరు.
బరువు మారుతుంది, బరువు నిలిచే చోటు మారుతుంది,
తూచి, లెక్కకట్టి, సంతకం పెట్టాలి.
ఆ తర్వాత,
తూకం అవసరం లేనప్పుడు,
చక్రాలు తీసి స్కీలు, స్కీలు తీసి చక్రాలు
యజమానే మార్చుకోవచ్చు, పైలట్ అయితే.
పదికి తొమ్మిదిన్నర.
ఆ అర మార్కు ఎక్కడ పోయిందో ఇప్పటికీ తెలీదు.

చెంగల్రాయులు ముప్పై ఒక్క ఏళ్ళు
పుత్తూరు రోడ్డులో లారీల కింద పడుకున్నవాడు.
కమాన్ కట్టలో ఏ పట్టీ విరిగిందో
లారీ మలుపు తిరగక ముందే చెప్పేవాడు.
బోల్టు చాలనిపించిన చోట ఆపి, తల వంచి వింటాడు.
నేను టార్కు రెంచి తగిలిస్తే
ముల్లు గీత మీదే ఉంటుంది.
పుస్తకంలో చెవికి గడి లేదు.

మూడు కాటాల మీద విమానాన్ని నిలబెడితే నవ్వినాడు.
"మావోణ్ణి కొండ మీద బెల్లంతో తూచినాం మా,
మూడేళ్ళప్పుడు.
ఒక అచ్చు ఎక్కువైంది.
ఎనక్కి తీసుకోబోతే మా ఆడది చెయ్యి పట్టుకునె.
దీనికేం బెడతావు?"
"తోక దగ్గర సీసం. రెండు కిలోలు."
"ఎక్కువైతే?"
"తీసేస్తాను."
"అయితే ఇది దేవుడి కాటా కాదులే."

సాయంత్రం నన్నారి బండి దగ్గరికి పోయి
బకెట్టుతో ఐసు తెచ్చినాడు.
రంపపు పొట్టు కడిగి, సుత్తితో పొడిచేసి
స్కీ కింద పరిచి
తోక పట్టుకుని తోసినాడు.
జానెడు జారింది.
ఇద్దరం గట్టిగా అరిచాం.
అంతలోనే నీళ్ళు,
ఆ నీళ్ళు కూడా సిమెంటు తాగేసింది.

లాగ్ పుస్తకంలో రాశాను:
బిగించి, తూచి, సరిచూశాను.
కింద నా పేరు, లైసెన్సు నంబరు, తేదీ.
ఆ వాక్యంలో
సరిచూడడం ఒక్కటే నాది.

వచ్చే ఏడు మంచు కరిగినాక
ఉత్తరాన ఎవరో, చేతి తొడుగులు విప్పి
ఇవే బోల్టులు విప్పుతాడు, ఎవరినీ అడక్కుండా.
రూలు ఒప్పుకుంటుంది.
చెంగల్రాయులు మళ్ళీ ముట్టుకోవాలంటే
నేను పక్కన నిలబడాలి,
నిలబడ్డానని రాయాలి.
చెప్తే, "నిలబడు మా, నీడన్నా వస్తాది" అన్నాడు.

స్ప్లిట్ పిన్నులు పన్నెండు వచ్చాయి.
ఎనిమిది వాడాం. మూడున్నాయి.
సీట్ల కింద, పెడల్స్ వెనక, గడ్డిలో,
టార్చి వేసుకుని ఎనిమిదింటి దాకా వెతికాను.
ఒక్క పిన్ను దొరక్కపోయినా
విమానం కదలకూడదు. అదీ రూలే.

గేటు దగ్గర మోపెడ్ తంతున్నాడు.
తాళం గుత్తిలో ఏదో చిన్నది, కొత్తది,
లైటు పడి మెరిసింది.
"వంకరది మా. దానికి పనికిరాదని పక్కన బెట్టినా."

స్టోర్సు పుస్తకం మళ్ళీ తెరిచాను.
వచ్చినవి పన్నెండు. వాడినవి ఎనిమిది.
మిగిలినవి మూడు.
వంకరది ఒకటి, ఎక్కడుందో తెలుసు.
సంతకం.