ఎంత గీయాలి

పర్లాకిమిడిలో నా మొదటి ఇంటికి
పదకొండు షీట్లు గీశాను.
మెట్టు ముక్కు, తలుపు బందు, కడ్డీ కొక్కెం,
ఏదీ వదల్లేదు.
దండాసి మేస్త్రి వాటిని మడిచి
సిమెంటు బస్తా కింద దోపి
"మెట్లు ఏ పక్కనుంచమ్మా?" అన్నాడు.

అతని మాట తెలుగు, చదువు ఒడియా,
నా రాతలు ఇంగ్లీషు.

ఇప్పుడు రెండే షీట్లు.
ఇటుక వరస అతని చేతికి తెలుసు, గీయను.
స్నానాలగది అంగుళం పల్లం: ఎర్రసిరాతో.
ఇంకోటి, కొట్టొచ్చినట్టు:
కిటికీ గట్టు నేలకి రెండడుగులే.

ఎందుకో గీతలో పట్టలేదు.
మంచం దిగలేని కూర్మమ్మ
వీధిలో ఎవరెళ్తున్నారో చూడాలని
నోటితోనే చెప్పాను.

దండాసి నాలుగు ఇసక బస్తాలు పేర్చి
వాటిమీద ఒత్తిగిలి పడుకుని
ఇంకా లేవని గోడవైపు చూసి
"ఇంకో రెండంగుళాలు దించాల" అన్నాడు.