ఆగస్టు పేజీ

సిమెంటు డీలరిచ్చిన క్యాలెండర్లో
ఆగస్టు పేజీ మూడేళ్ళుగా చించలేదు.
తెల్ల గోడ. నీలం తలుపు.
గడప దాకా గులకరాళ్ళు, రాళ్ళ మధ్య ఊదాపూల పొదలు,
వాటి వెనక ఓపిగ్గా నిలబడ్డ సముద్రం.
కింద మరాఠీలో భూమధ్య సముద్రమని రాసుంది.
భూమికి మధ్యంటే మా రాజురాయే కదా అనుకునేదాన్ని,
ఎండ చూస్తే.

మాకు నల్లా మూడు రోజులకోసారి.
ఉగాది దాటితే అదీ ఉండదు, ట్యాంకరే.
హారన్ వినపడగానే బిందెలకు కాళ్ళొస్తాయి.
అలాంటి వీధిలో తొమ్మిదేళ్ళు గడ్డి పెంచాం మేము.
లాన్ అనేవాడు మా ఆయన, నోరు తీపి చేసుకున్నట్టు.
రోజుకు పదకొండు బిందెలు తాగేది.
ఆయన లేని మొదటి వేసవిలో
ఒక పొద్దున బిందె ఎత్తి, మళ్ళీ దించేశాను.
పది రోజులకు పసుపైంది, ఇరవయ్యో రోజుకు మట్టి.
ఏడవలేదు. తలుపు మాత్రం వేసుకున్నాను.

ముప్పై ఏళ్ళు బడిలో బొమ్మలు నేర్పిన చెయ్యి ఇది.
చార్టు పరిచి, ఇరవై రెండు అడుగుల వాకిలిని
ఇరవై రెండు అంగుళాలకు దించాను.
పోశాలు మేస్త్రి అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.
"టీచరమ్మా, తోటన్నవు, అన్నీ రాళ్ళేనాయె?"
"మొన్న ఇటుకల కుప్ప తీశావే, కింద ఏముంది?"
"తేమ. ఓ తేలు."
"తేలు వద్దు. తేమ చాలు."

నల్లరేగడి అడుగున్నర తవ్వించాను,
చెప్పు పడితే మళ్ళీ దొరకని నెర్రెలు దానివి.
గడ్‌చాందూర్ క్వారీ నుంచి సున్నపురాయి ముక్కలు ట్రాలీ నిండా.
నాగపూర్ నర్సరీ నుంచి నాలుగు లావెండర్లు, రెండు రోజ్‌మేరీలు,
ఎర్రబస్సులో ఒళ్ళో పెట్టుకుని.
ఏం అత్తరని కండక్టరు రెండుసార్లు వంగి చూశాడు.

నలభై ఏడు డిగ్రీల మే నెలలో, పాత చీర నీడన,
వారానికో చెంబుతో బతికాయవి.
జులైలో ముసురు పట్టింది.
తొమ్మిది రోజులు.
పదో రోజు పీకితే వేళ్ళు
ఉడికిన పీచులా జారాయి చేతిలో.
దాహం చంపనివాటిని నీళ్ళు చంపాయి.

అప్పుడు చూశాను క్యాలెండర్ని, సరిగ్గా, మొదటిసారి.
అది ఆగస్టు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.
వాళ్ళ వాన చలికాలంలో కురుస్తుందట.
పక్కవాడి కాగితం చూసి గీసిన పిల్లలకు
ఎన్ని సున్నాలు పెట్టానో గుర్తొచ్చింది.

ఇంకా చూస్తే, ఆ మూల, నీలం తలుపు పక్క,
గులాబీరంగు పూల గుబురు.
గన్నేరు!
బల్లార్షా రోడ్డు మధ్య దిమ్మెల మీద
బొగ్గు లారీల మసి మోస్తూ
ఎవరూ నీళ్ళు పోయకుండా పూసే మన గన్నేరే,
సముద్రం ఒడ్డున అంత దర్జాగా.

పోశాలు వాగు గట్టు నుంచి వావిలి కొమ్మలు తెచ్చాడు.
"మేక ముట్టది, వానకు కుళ్ళది, ఎండకు సావది.
మా అమ్మ బాలింతలకు ఈ ఆకు నీళ్ళే పోస్తుండె."
ఆకు వెనక బూడిదరంగు. నలిపితే ఘాటు.
రెండో ఏడు పూసింది.
ఊదా. ఆ ఊదాయే,
కాస్త తక్కువ గొప్పగా.

గోడ మీద పగిలిన కుండలో ఒక రోజ్‌మేరీ మిగిలింది,
ఎందుకో దానికే తెలియాలి.
రాళ్ళ మీద బొగ్గు దుమ్ము వాలుతుంది, తెలుపు నిలవదు.
సముద్రం ఉండాల్సినచోట గని మట్టి గుట్ట.
సాయంత్రం పూట అదీ నీలంగానే ఉంటుంది.

ట్యాంకరొస్తే ఇప్పుడు రెండు బిందెలతో వెళ్తాను.
నా వెనక వందనాతాయి, రెండు బకెట్లు, ఓ డ్రమ్ము,
ఇంట్లో కోడలి పురుడు.
త్వరగా పక్కకు తప్పుకుంటాను.
మొన్న వచ్చి చెప్పకుండానే వావిలాకు దూసుకెళ్ళింది.

నిన్న ఆగస్టు చించాను.
కింద సెప్టెంబరు, మంచుకొండ.
పోశాలు చూసి బీడీ ఆర్పేశాడు.
"ఇది మాత్రం నాతోని గాదు టీచరమ్మా."