క్లీనరు డ్యూటీ

ఇరవై రెండేళ్లు నా పని ఒకటే,
పెంచలయ్యన్న కన్ను మూయకుండా చూడటం.
సూళ్లూరుపేట దాటాక అబద్ధాలు చెప్పేవాణ్ణి,
తడ దగ్గర అప్పు అడిగేవాణ్ణి,
కోపమొస్తే నిద్ర పోతుందని.
అప్పటికీ తల వాలితే
పచ్చిమిరపకాయ కొరికించేవాణ్ణి.

ఇప్పుడు మద్రాసులో, పోరూరు ఆసుపత్రి నాలుగో అంతస్తు.
గుండెలో మూడు దార్లు మూసుకుపోయాయట,
కాలి నరం తీసి బైపాసు వేస్తారట.
"బైపాసు నాకు తెలీదా" అని నవ్వాడు.
డాక్టరమ్మ నవ్వలేదు.
ఆమె తమిళాన్ని నేను తెలుగులోకి దించాను,
గాజు సామాను దించినట్టు మెల్లగా:
కోతకు ముందు వారం రోజులు రాత్రి నిద్ర కావాలన్నా.
నిద్ర బాకీతో బల్లెక్కితే
లేచాక మతి దారి తప్పొచ్చంట.

అది నేను చూశాను.
పక్క గదిలో తిరుత్తణి మేష్టారు.
కోత బాగానే కుదిరింది.
మూడో రాత్రి సెలైను గొట్టం పట్టుకుని
అరక్కోణం వచ్చింది, దిగాలి, దిగాలి అన్నాడు.
పెళ్లాన్ని చూసి
టికెట్టు తీశావామ్మా అని మర్యాదగా అడిగాడు.

అందుకే డ్యూటీ తిరగబడింది.
పొద్దున్నే కారిడారు కిటికీ దగ్గర ఎండలో కూర్చోబెడతాను.
మధ్యాహ్నం కునికితే లేపుతాను.
మూడింటి తర్వాత టీ లేదు, బతిమాలినా లేదు.
తొమ్మిదిన్నరకి ఫోను నా జేబులోకి.
రెండింటికి బీపీ చూడ్డానికొచ్చిన సిస్టర్ ఎళిలరసికి
తలుపు దగ్గరే దండం పెట్టాను.
ఒక్క క్షణం చూసి, ఐదింటికి వస్తాలే అంది.

మొదటి రెండు రాత్రులూ ఓడిపోయాను.
పూందమల్లి రోడ్డు మీద హారను మోగితే చాలు
చీకట్లోంచి గొంతు: "లేలాండు. లోడు మీదుంది."
చెవుల్లో దూది కుక్కాను.
"బ్రేకు అరిగింది దానికి" అన్నాడు దూదిలోంచి.

మూడో రాత్రి చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత,
"మస్తానూ, నేను పడుకుంటే బండెవరు చూస్తారు?"
నాకు తెలిసిన అబద్ధాలన్నీ తిరగేశాను,
ఒక్కటీ పనికి రాలేదు.
"నేను మేలుకునే ఉంటా గదన్నా."
ఆపేసిన ఇంజను కాసేపు టిక్కుటిక్కుమంటూ
చల్లారుతుంది చూడు,
అట్లా.

గురువారం నోట్లో గొట్టం తీశారు.
ఇవాళ ఏం వారమని సిస్టర్ అడిగితే
బుధవారం అన్నాడు.
నా కాళ్లలో బలం పోయింది.
మెల్లగా నావైపు తిరిగి, ఎండిన నోటితో,
"గుమ్మిడిపూండి టీకొట్టులో అరవై బాకీ. ఇచ్చావా?"

ఇవ్వలేదన్నా అన్నాను.
తిట్టాడు.
పేరు పెట్టి మరీ తిట్టాడు.