నాలుగు తీర్ల చేతులు

పొద్దు పొడవకముందే
మట్టికోటకు రాతికోటకు నడుమ
మా రేకుల తబేలాల ఉడికిన ఉలవల వాసన.
బకెట్ల చప్పుడుకన్న ముందు కందీలు లేస్తది,
గిట్టతోని తలుపు కొడ్తది. ఒకటి, రెండు,
ఆగి, మూడు.
పట్నంల పందాలు ఉరికి ఉరికి
ఒక్కటి గెలువక అమ్ముడువోయిన గుర్రం.
గేటు గొళ్లెం కిర్రుమంటె చాలు,
ఇంకా ఎవరో జెండా ఊపినట్టే దానికి.
దీని మీద కూసున్నప్పుడు నేను మాట్లాడ.
గుంజితే గుంజుతది.
ఉంగరపు వేలు ఒక్కటి మూసి, తెరిచి,
ఊపిరి పొడుగ్గ ఇడిస్తే
కందకం మూలకాడికి వచ్చేసరికి
మెడ కిందికి దించుతది,
నా మీద దయతలిచినట్టు.

దొరసాని గట్ల కాదు.
పదేండ్లసంది బారాతులల్ల తిరిగిన తెల్లది.
బ్యాండు మోగినా, పటాకులు పేలినా చెవి కదపదు.
ఎందరు పెండ్లికొడుకులు దాని ఈపు మీద వణికిన్రో
దానికొక్కదానికే ఎరుక.
నీళ్ల గుంట కనవడితే మాత్రం ఆడికే ఆగుతది.
జానెడు గుంట, దానికి గోదారి.
"దిగు సరూపా," అంటడు అంకూస్ తాత
నులక మంచం మీదికెళ్లి,
"దిగి ముందు నువ్వు నిలవడు ఆ నీళ్లల్ల."
నిలవడ్డ. చెప్పులు నానినయి.
అది ఇంకా ఆలోచన చేస్తాంది.
నా సగం పొద్దు దాని ఆలోచనకే పోతది.

మొగులుది బండ నోరు.
ఎవరో ముండ్ల కళ్లెమేసి మూడేండ్లు గుంజిన్రు కావచ్చు,
ఇనుము చెప్పే మాట దానికి ఇనవడది.
తొడలతోని చెప్తా, కూసున్న బరువుతోని చెప్తా,
అప్పుడప్పుడు బూతులతోని గూడ చెప్తా.
మొన్న ఎనుమాముల తొవ్వల
మిరప బస్తాల లారీ పక్కపొంటి పోతే
ఆ ఘాటుకు ఇద్దరం ఒక్కసారే తుమ్మినం.
అది ఆగి, మెడ తిప్పి, నన్ను సూసింది.
ఎనిమిది నెలలల్ల
అదే మొదటిసారి, సూసుడు.

ఇగ పిల్లది, బుడమ. రెండున్నరేండ్ల కుమ్మెతు.
జీను ఇంకా ఎరుగది.
గోనెసంచి మడిచి ఈపు మీదేస్తే
వారం కింద అది పులి.
నిన్న కుక్క.
ఇయ్యాల ఉత్త గోనెసంచి.
రేపు మల్ల పులే కావచ్చు.

ఎండ ఎక్కినంక, మాలీషు అయినంక,
పంపుకాడ చేతులు కడుక్కుంట అనుకున్న:
వీటిని వరుసగ నిలవెట్టి నా సంగతి అడిగితే
నలుగురు ఆడోళ్ల గురించి చెప్తయి.
కందీలుకు నేను మూగదాన్ని.
మొగులుకు నోరు మంచిది కానిదాన్ని.
దొరసాని ఏమంటదో,
నన్ను సూసి నవ్వుతదో ఏమో.
బుడమకు ఇంకా మనిషినే కాను,
చేతికంటిన బెల్లం వాసనను.

"నలభై ఏండ్లల్ల నువ్వు ఎన్ని తీర్లయినవ్ తాతా?"
ఊడిన నాడాను ఎండకు పట్టి సూసుకుంట అన్నడు:
"ఒకదాని మీద నేర్సింది
ఇంకోదాని మీద పనికొస్తే
గీ మంచం మీద ఎందుకుంట బిడ్డా?"
విరిగి అతికిన తుంటిని ఇటు నుంచి అటు జరుపుకున్నడు.

రాత్రి కాజీపేటల బారాతు.
జరీ గుడ్డ, అద్దాల పట్టీలు, జూలుకు మల్లెలు.
ఫంక్షన్ హాలు ముంగట, ట్యాంకరు కారినకాడ
చిన్న మడుగు, అండ్ల సీరియల్ లైట్లన్ని మెరుసుకుంట.
దొరసాని ఆగింది.
పెండ్లికొడుకు మీదనే ఉన్నడు, తలపాగ చెవుల మీదికి జారి.
బ్యాండోళ్లు అదే పాట మల్ల మొదలువెట్టిన్రు.
ఎవరో ఎనకకెళ్లి "కొట్టు, కొట్టు" అంటాన్రు.
కళ్లెం వదులు చేసిన.
చెప్పులు ఇడిసి
ఆ లైట్లల్లకు దిగి నిలవడ్డ.