ఎవరి తీగ వారికి

కోట్కా కాగితం మిల్లు. రాత్రి రెండు.
రోలరు చివర పిడికిలంత ఎన్‌కోడర్
చుట్టుకి వెయ్యీ ఇరవైనాలుగు సార్లు
ఉలిక్కిపడుతోంది.

మొదట్లో ఆ ఉలికిపాటు డ్రైవ్ ఒక్కదానికే.
తర్వాత మీటర్లు లెక్కపెట్టే డబ్బా వచ్చింది,
నిరుడు కత్తెర.
వెయిక్కో మూడు తీగలూ కలిపి మెలేసి
నల్ల టేపు చుట్టి, రిటైరయ్యాడు.

ఒక్క గొంతును ముగ్గురు లాక్కుంటే
అయిదు వోల్టులు మూడయ్యాయి.
కొన్ని అంకెలు కత్తెరకి వినబడక
కాగితం నాలుగు మిల్లీమీటర్లు పొడుగ్గా తెగింది.

కెర్తు టేపు విప్పింది. తిట్టలేదు.
మధ్యన అగ్గిపెట్టెంత స్ప్లిటర్ బిగించి
స్కేలు పెట్టి చూసింది.
సరిపోయింది.

ఇరుసుకి ఇదేమీ తెలియదు, తిరుగుతోంది.
వెయిక్కో టేపు ముక్క మాత్రం
ఆమె మోచేతికి అంటుకుని
మంచులో ఇంటిదాకా వెళ్లింది.